చెన్నై అక్షాంశంలో సముద్రపు సుడికి గణిత నమూనా కట్టడం ఎలా

మెరీనా ఒడ్డున నిలబడి చూసేవారికి బంగాళాఖాతం సమతలంగానే కనిపిస్తుంది గాని, ఉపగ్రహం నుంచి కొలిచినప్పుడు అది ఎన్నడూ సమతలంగా ఉండదు. చెన్నైకి తూర్పున కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో నీటిమట్టం పది పదిహేను సెంటీమీటర్లు ఉబ్బిన చోట్లూ, దాదాపు అంతే కుంగిన చోట్లూ తరచుగా కనిపిస్తాయి. ఒక్కొక్కటి రెండు వందల కిలోమీటర్ల అడ్డం ఉండి, వారాల తరబడి గిరగిరా తిరుగుతూ పడమటికి జరుగుతుంది. వీటినే సముద్రపు సుడులు అంటున్నాం. కవ్వంతో మజ్జిగను ఏ వైపు తిప్పినా నడిమధ్య గుంటే పడుతుంది; సముద్రంలో మాత్రం భూభ్రమణం వల్ల తిరిగే దిశే ఆకారాన్ని నిర్ణయిస్తుంది. ఉత్తరార్ధగోళంలో గడియారపు ముల్లు దిశలో తిరిగే సుడి మధ్యలో ఉబ్బి, లోపల వెచ్చని నీటిని పట్టి ఉంచుతుంది. దానికి ఎదురు దిశలో తిరిగే సుడి మధ్యలో కుంగి, అడుగునున్న చల్లని నీటిని పైకి తెస్తుంది.

డిగ్రీ స్థాయి కలనగణితమూ, కొద్దిగా పైథానూ వచ్చినవారు, అంటే గిండీలోనో తరమణిలోనో హాస్టల్ గదిలో కూర్చుని మామూలు లాప్‌టాప్ మీద పనిచేసే విద్యార్థులు, ఇటువంటి సుడికి సొంతంగా నమూనా కట్టుకోవడానికి కావలసిన క్రమం ఇక్కడ ఇస్తున్నాను. ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. మనకు దొరికే పాఠ్యపుస్తకాలలో ఉదాహరణలు ఎక్కువగా అట్లాంటిక్‌లోని గల్ఫ్ స్ట్రీమ్, జపాన్ పక్కనున్న కురోషియో ప్రవాహాల చుట్టూ, 35 నుంచి 40 డిగ్రీల అక్షాంశాల మధ్య అల్లినవి. ఆ అంకెలను 13 డిగ్రీల దగ్గర యథాతథంగా వాడితే ప్రోగ్రాం ఏ తప్పూ చూపకుండా నడుస్తుంది, కాని వచ్చే సుడి బంగాళాఖాతానిది కాదు.

మొదటి అడుగు: ప్రశ్నను కుదించుకోండి

సముద్రాన్నంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకోవద్దు. "ఈ సుడి ముప్పై రోజుల తర్వాత ఎక్కడ ఉంటుంది?" అన్న ప్రశ్నకు కావలసిన భౌతికశాస్త్రం వేరు, "దీని మీదుగా తుఫాను వెళితే ఎంత వేడి అందుతుంది?" అన్న ప్రశ్నకు కావలసినది వేరు. 2009 మే నెలలో వచ్చిన ఐలా తుఫాను బంగాళాఖాతంలో ఒక వెచ్చని సుడి మీదుగా వెళుతూ బలపడిందని పరిశోధకులు చూపించారు; అటువంటి పనికి ఉష్ణోగ్రత, లవణీయత, గాలి, పైపొర కలియబోత అన్నీ నమూనాలో ఉండాలి. ఇక్కడ మనం మొదటి ప్రశ్నకే కట్టుబడి ఉందాం.

రెండవ అడుగు: మీ అక్షాంశపు అంకెలు కాగితం మీద రాసుకోండి

కోడ్ ముట్టుకోకముందు ఈ లెక్క చేతితో చేయండి. చెన్నై అక్షాంశం 13.08 డిగ్రీలు. భూభ్రమణం కదిలే నీటిని ఎంత బలంగా పక్కకు మళ్లిస్తుందో చెప్పే సంఖ్యే కొరియాలిస్ గుణకం.

కొరియాలిస్ గుణకం = 2 × భూమి కోణీయ వేగం × సైన్(అక్షాంశం)

భూమి కోణీయ వేగం సెకనుకు 7.292 × 10⁻⁵ రేడియన్లు కాబట్టి, మన గుణకం సెకనుకు 3.3 × 10⁻⁵ అవుతుంది. 40 డిగ్రీల దగ్గర ఇదే 9.4 × 10⁻⁵, అంటే దాదాపు మూడు రెట్లు. ఈ మూడు రెట్ల తేడాయే ముందుముందు ప్రతి మలుపులోనూ ఎదురవుతుంది.

తర్వాత బీటా, అంటే ఉత్తరానికి ఒక్కో మీటరు జరిగితే ఆ గుణకం ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్య:

బీటా = 2 × భూమి కోణీయ వేగం × కొసైన్(అక్షాంశం) ÷ భూమి వ్యాసార్థం

ఇది మనకు మీటరుకు, సెకనుకు 2.23 × 10⁻¹¹. చివరగా 2π ని కొరియాలిస్ గుణకంతో భాగించి జడత్వ ఆవర్తన కాలాన్ని, అంటే ఒకసారి తోసి వదిలిన నీరు భూభ్రమణం వల్ల ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలాన్ని, కట్టండి. చెన్నై దగ్గర అది దాదాపు 53 గంటలు. 40 డిగ్రీల దగ్గర 18.6 గంటలే. రోజువారీ సగటు తీస్తే జడత్వ డోలనాలు మాయమవుతాయని పుస్తకంలో చదివి ఉంటారు. రెండు రోజులకు పైగా పట్టే డోలనాన్ని ఒక రోజు సగటు చెరపలేదు; మన దగ్గర కనీసం ఒక పూర్తి ఆవర్తనం మీద సగటు తీయాలి.

మూడవ అడుగు: నీటిని రెండు పొరలుగా ఊహించండి

బంగాళాఖాతంలో వెచ్చని తేలిక నీరు పైన, చల్లని బరువు నీరు కింద ఉంటాయి. ఈ రెంటి మధ్య ఉష్ణోగ్రత చకచకా పడిపోయే మండలమే థర్మోక్లైన్. సుడుల చలనం చాలావరకు ఈ సరిహద్దుకు పై భాగంలోనే జరుగుతుంది కనుక, పైపొర మాత్రమే కదులుతుందనీ అడుగు పొర నిశ్చలంగా ఉంటుందనీ అనుకుంటే లెక్క ఎంతో తేలికవుతుంది. దీనిని తగ్గించిన గురుత్వ నమూనా అంటారు. పైపొర మందం 120 మీటర్లనీ, రెండు పొరల సాంద్రతల తేడా ఘనపు మీటరుకు 5 కిలోలనీ తీసుకుంటే, తగ్గించిన గురుత్వం 9.81 × 5 ÷ 1025, అంటే దాదాపు 0.048 మీ/సె² అవుతుంది. దానిని మందంతో గుణించి వర్గమూలం తీస్తే అంతర్గత తరంగ వేగం సెకనుకు 2.4 మీటర్లు వస్తుంది.

ఆ వేగాన్ని కొరియాలిస్ గుణకంతో భాగిస్తే వచ్చేది రాస్‌బీ వ్యాసార్థం, అంటే భూభ్రమణ ప్రభావం పైచేయి సాధించే దూరపు కొలత. మనకు అది 73 కిలోమీటర్లు; అదే తరంగ వేగంతో 40 డిగ్రీల దగ్గర 26 కిలోమీటర్లకు మించదు. ఇక బీటాను ఈ వ్యాసార్థపు వర్గంతో గుణించండి. సుడి పడమటికి జరిగే వేగానికి ఇదే కొలబద్ద: చెన్నై అక్షాంశంలో సెకనుకు 11.8 సెంటీమీటర్లు, అంటే రోజుకు పది కిలోమీటర్లు. 40 డిగ్రీల దగ్గర రోజుకు ఒక్క కిలోమీటరు. పది రెట్ల తేడా ఇది. 84 డిగ్రీల రేఖాంశం దగ్గర పుట్టిన సుడికి మన తీరం నాలుగు వందల కిలోమీటర్ల దూరం కాబట్టి, ఇంచుమించు నలభై రోజుల్లో అది ఒడ్డు దరిదాపులకు చేరగలదు.

పైపొర మందాన్ని అందాజుగా వేయకండి. బంగాళాఖాతంలో మునిగి తేలుతూ కొలతలు తీసే ఆర్గో ఫ్లోట్లు అనే పరికరాల ఉష్ణోగ్రత, లవణీయత కొలతలను హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉచితంగా అందిస్తుంది. ఒక ఫ్లోటు కొలతల నుంచి సాంద్రతను లెక్కకట్టి, లోతుతో పాటు అది ఎక్కడ వేగంగా పెరుగుతోందో చూడండి. ఇందులో ఒక చిక్కు ఉంది. వానాకాలం తర్వాత గంగా బ్రహ్మపుత్రల నుంచి వచ్చిన మంచినీటితో, గోదావరి, కృష్ణల నీటితో పైన పలుచటి ఉప్పు తక్కువ పొర ఏర్పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తూర్పు తీర ప్రవాహం దక్షిణంగా పారుతూ ఆ నీటిని ఒడ్డు వెంట మన దాకా మోసుకొస్తుంది. అప్పుడు సాంద్రత అత్యంత వేగంగా పెరిగే చోటు ఉపరితలానికి బాగా దగ్గరగా కనిపిస్తుంది. దానిని చూసి మోసపోవద్దు. సుడికి సంబంధించిన సరిహద్దు దాని కిందనున్న థర్మోక్లైన్. 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత ఉన్న లోతు దానికి మంచి ఆనవాలు.

నాలుగవ అడుగు: సుడికి ఆకారం ఇచ్చి, బలాలు సరితూగుతున్నాయో లేదో చూడండి

గుండ్రటి గాసియన్ ఆకారంతో, అంటే నడుమ ఎత్తుగా ఉండి చుట్టూ నున్నగా తగ్గే గంట ఆకారంతో, మొదలుపెట్టండి. నడిమధ్య ఎత్తు 15 సెంటీమీటర్లు, ప్రవాహం అత్యంత వేగంగా ఉండే వ్యాసార్థం 100 కిలోమీటర్లు అనుకుందాం. ఇవి అతిశయోక్తులు కావు. డడ్లీ చెల్టన్ బృందం 2011లో ప్రచురించిన ప్రపంచవ్యాప్త పరిశీలనలో పదహారు వారాలకు పైగా నిలిచిన సుడుల సగటు ఎత్తు 8 సెంటీమీటర్లు, సగటు వ్యాసార్థం 90 కిలోమీటర్లు. మన సుడి వాటిలో కాస్త బలమైనది.

పైన 15 సెంటీమీటర్ల ఉబ్బు అడుగున ఏం చేస్తుందో ఒకసారి లెక్కవేయండి. ఉపరితలపు ఎత్తును మామూలు గురుత్వానికీ తగ్గించిన గురుత్వానికీ ఉన్న నిష్పత్తితో, అంటే దాదాపు 204తో గుణించాలి. థర్మోక్లైన్ 31 మీటర్లు కిందికి దిగుతుంది! పడవలో పోయేవాడికి కంటికి ఆనని ఎత్తు పైన, పది అంతస్తుల మేడంత లోతు కింద. అయినా అది 120 మీటర్ల మందంలో నాలుగో వంతే కనుక, పొర మందం పెద్దగా మారదన్న ఊహ ఇంకా నిలబడుతుంది.

ఇక వేగం. పీడన వాలునూ కొరియాలిస్ బలాన్నీ సమానం చేస్తే జియోస్ట్రోఫిక్ వేగం వస్తుంది:

వేగం = (9.81 ÷ కొరియాలిస్ గుణకం) × నీటిమట్టపు వాలు

మన సుడికి గరిష్ఠ వేగం సెకనుకు 0.27 మీటర్లు. అయితే గుండ్రంగా తిరిగే నీటి మీద అపకేంద్ర బలం కూడా పనిచేస్తుంది. దానిని కలిపితే ఒక వర్గ సమీకరణం వస్తుంది. దాన్ని సాధిస్తే కుంగిన చల్లని సుడికి గరిష్ఠ వేగం 0.25 మీటర్లకు తగ్గుతుంది, ఉబ్బిన వెచ్చని సుడికి 0.30కి పెరుగుతుంది. ఒకే ఎత్తు, ఒకే వ్యాసార్థం, అయినా ఇద్దరి వేగాలూ వేరు.

ఆ వర్గ సమీకరణంలోనే ఇంకొక విషయం దాగి ఉంది. మన అక్షాంశంలో పనిచేసేవారు తప్పనిసరిగా చూడవలసినది ఇదేనని నా అభిప్రాయం. వెచ్చని సుడి విషయంలో వర్గమూలం కింద ఉన్న సంఖ్య రుణాత్మకం కాకూడదు. నడిమధ్య దగ్గర ఈ షరతు ఇలా మారుతుంది:

గరిష్ఠ ఎత్తు = (కొరియాలిస్ గుణకం × వ్యాసార్థం)² ÷ (4 × 9.81)

వ్యాసార్థం 100 కిలోమీటర్లైతే మన దగ్గర ఈ హద్దు 28 సెంటీమీటర్లు; కనుక 15 సెంటీమీటర్ల సుడికి ఇబ్బంది లేదు. వ్యాసార్థాన్ని సగానికి, 50 కిలోమీటర్లకు తగ్గించండి. హద్దు ఒక్కసారిగా 7 సెంటీమీటర్లకు పడిపోతుంది. 40 డిగ్రీల దగ్గర అదే 50 కిలోమీటర్ల సుడికి హద్దు 56 సెంటీమీటర్లు కాబట్టి అక్కడివారు ఈ షరతును గుర్తు పెట్టుకోకపోయినా నడిచిపోతుంది. ఇక్కడ చిన్న వెచ్చని సుడికి పుస్తకంలోని పెద్ద ఎత్తు ఇచ్చారంటే, సరితూగే స్థితే లేని సుడిని నమూనాకు అప్పగించినట్టు; అది మొదటి రోజే చెదిరి తరంగాలుగా పారిపోతుంది. చల్లని సుడికి ఇటువంటి హద్దు లేదు.

ఐదవ అడుగు: సమీకరణాన్ని ఎంచుకోండి

మొదటి నమూనాకు క్వాసీ జియోస్ట్రోఫిక్ సమీకరణం చాలు; పీడన వాలూ కొరియాలిస్ బలమూ దాదాపుగా సరితూగి ఉంటాయన్న ఊహ మీద నిలిచినది ఇది. 1948లో జూల్ చార్నీ దీనికి రూపమిచ్చారు. ఇందులో తెలుసుకోవలసిన రాశి స్ట్రీమ్ ఫంక్షన్ ఒక్కటే: నీటిమట్టపు ఎత్తును 9.81తో గుణించి కొరియాలిస్ గుణకంతో భాగిస్తే అది వస్తుంది. మన సుడి నడిమధ్య దాని విలువ దాదాపు 44,600 మీ²/సె. వోర్టిసిటీ అంటే నీరు ఒక్కో చోట ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే రాశి; దానికి పొర మందపు మార్పును కూడా జోడించినది పొటెన్షియల్ వోర్టిసిటీ. స్ట్రీమ్ ఫంక్షన్ నుంచి దాన్ని ఇలా కట్టాలి:

పొటెన్షియల్ వోర్టిసిటీ = స్ట్రీమ్ ఫంక్షన్ లాప్లాసియన్ − స్ట్రీమ్ ఫంక్షన్ ÷ (రాస్‌బీ వ్యాసార్థం)²

కాలంతో పాటు అది మారే తీరు ఇది:

మార్పు రేటు = − జాకోబియన్(స్ట్రీమ్ ఫంక్షన్, పొటెన్షియల్ వోర్టిసిటీ) − బీటా × స్ట్రీమ్ ఫంక్షన్ తూర్పు వాలు + జిగట గుణకం × వోర్టిసిటీ లాప్లాసియన్

మొదటి పదం సుడి తనను తాను మోసుకుపోవడం, రెండవది భూమి గోళాకారం వల్ల కలిగే పడమటి నడక, మూడవది గ్రిడ్ స్థాయి చెత్తను ఊడ్చే జిగట.

ఈ సమీకరణం చెల్లడానికి రాస్‌బీ సంఖ్య, అంటే భూభ్రమణంతో పోలిస్తే సుడి సొంత తిరుగుడు ఎంతో చెప్పే నిష్పత్తి, చిన్నదిగా ఉండాలి. గరిష్ఠ వేగాన్ని కొరియాలిస్ గుణకం, వ్యాసార్థాల లబ్ధంతో భాగిస్తే 0.08 వస్తుంది, చూడటానికి నిశ్చింతగా ఉంటుంది. కాని నడిమధ్య వోర్టిసిటీని కొరియాలిస్ గుణకంతో భాగించి చూడండి, 0.27 వస్తుంది. వ్యాసాలలో మొదటి సంఖ్యనే ఎక్కువగా ఉటంకిస్తారు. నేనైతే రెండవదాన్నే నమ్ముతాను. అది 0.3 దాటితే ఈ సమీకరణాన్ని పక్కన పెట్టి, కింద చెప్పబోయే షాలో వాటర్ సమీకరణాలకు వెళ్లడం మంచిది.

ఆరవ అడుగు: గ్రిడ్డూ కోడూ

అడ్డం 1280 కిలోమీటర్లు, నిలువు 1280 కిలోమీటర్లు ఉన్న చదరాన్ని తీసుకుని పది కిలోమీటర్ల గడులుగా విభజించండి. 128 × 128 గ్రిడ్ వస్తుంది. ఈ అడ్డం యాదృచ్ఛికం కాదు, మన అక్షాంశంలో చెన్నై తీరం నుంచి ఉత్తర అండమాన్ దాకా ఉన్న దూరం ఇంచుమించు 1350 కిలోమీటర్లు. సుడిని పడమటి అంచు నుంచి 800 కిలోమీటర్ల దగ్గర ఉంచండి, ముప్పై రోజుల్లో మూడు వందల కిలోమీటర్లు నడిచినా అంచుకు తగలదు.

పొటెన్షియల్ వోర్టిసిటీ నుంచి స్ట్రీమ్ ఫంక్షన్‌ను తిరిగి రాబట్టడానికి ఫూరియర్ పరివర్తన వాడండి. ప్రతి ఫూరియర్ గుణకాన్నీ (తూర్పు తరంగసంఖ్య² + ఉత్తర తరంగసంఖ్య² + 1 ÷ రాస్‌బీ వ్యాసార్థం²) తో భాగించి గుర్తు మార్చితే సరిపోతుంది. చివరి పదం ఉండటం వల్ల శూన్య తరంగసంఖ్య దగ్గర సున్నాతో భాగించే ప్రమాదమే రాదు. పైథాన్ గణిత లైబ్రరీ నంపైలో ఇది నాలుగు వరుసల పని.

జాకోబియన్ దగ్గర మాత్రం తొందరపడవద్దు. మామూలు కేంద్రీయ భేదాలతో రాస్తే కొన్నాళ్లకు చిన్న తరంగాలలో శక్తి కృత్రిమంగా పేరుకుని లెక్క పేలిపోతుంది. అకియో అరకావా 1966లో చూపిన పద్ధతిలో జాకోబియన్‌ను మూడు రూపాలలో రాసి సగటు తీసుకుంటే శక్తి, ఎన్‌స్ట్రోఫీ (వోర్టిసిటీ వర్గపు మొత్తం) రెండూ నిలబడతాయి. ఆ మూడు రూపాలనూ వేర్వేరు ఫంక్షన్లుగా రాసి, తెలిసిన సైన్, కొసైన్ క్షేత్రాల మీద విడివిడిగా పరీక్షించాకే కలపండి.

కాలపు అడుగు ఒక గంట సరిపోతుంది, కాలంలో ముందుకు నడిపే నాలుగో క్రమపు రుంగె కుట్టా పద్ధతి వాడితే ముప్పై రోజులకు 720 అడుగులు. సెకనుకు 0.3 మీటర్ల ప్రవాహం గంటలో ఒక కిలోమీటరే నడుస్తుంది కాబట్టి పది కిలోమీటర్ల గడిలో ఇది చాలా భద్రమైన అడుగు. జిగట గుణకం 100 మీ²/సె పెట్టండి. అది రెండు గడుల పొడవున్న అలను ఒకటి రెండు రోజుల్లో అణచివేస్తుంది, వంద కిలోమీటర్ల సుడిని అరగదీయడానికి మాత్రం మూడేళ్లు పడుతుంది. మనకు కావలసిన తేడా అదే.

ఏడవ అడుగు: సుడిని నమ్మే ముందు పరీక్షలు

ఈ అడుగుకు మిగతా అన్నింటి మీద కంటే ఎక్కువ సమయం కేటాయించండి. రంగురంగుల పటం అందంగా వచ్చినంత మాత్రాన లెక్క సరైనదని కాదు.

ముందుగా బీటాను సున్నా చేసి నడపండి. గుండ్రటి సుడి ఉన్నచోటే ఉండాలి, గుండ్రంగానే ఉండాలి. నాలుగు మూలలు తేలి చదరంగా మారుతోందంటే జాకోబియన్‌లో సూచికలు ఎక్కడో తారుమారయ్యాయి.

తర్వాత బీటాను పెట్టి, ఎత్తును 0.1 మిల్లీమీటరుకు తగ్గించి నడపండి. ఇప్పుడది సుడి కాదు, తరంగాల మూట. పొడవాటి తరంగాలు ముందుగా పడమటికి పోతాయి, పొట్టివి వెనకబడతాయి, కొద్ది రోజుల్లోనే ఆకారం విచ్చిపోతుంది. ఇక్కడ ఒక కచ్చితమైన పరీక్ష ఉంది. స్ట్రీమ్ ఫంక్షన్‌ను బరువుగా తీసుకుని దాని కేంద్రభారపు తూర్పు పడమరల స్థానాన్ని రోజూ లెక్కకట్టండి. సమీకరణాన్ని దూరంతో గుణించి చదరమంతా సమాకలనం చేస్తే, ఆ కేంద్రభారం సరిగ్గా బీటా × రాస్‌బీ వ్యాసార్థం² వేగంతో పడమటికి నడవాలని తేలుతుంది. ఉత్తర దక్షిణాలుగా అది అసలు కదలకూడదు. మీ తెరమీద పదవ రోజు దగ్గర 102 కిలోమీటర్లు కనిపించాలి. 95 వచ్చినా, 110 వచ్చినా ఆగి వెతకండి. తరంగాలు అంచులు దాటి ఎదుటి అంచు నుంచి తిరిగి రావడం మొదలయ్యాక ఈ పరీక్ష చెల్లదు కనుక తొలి పదిహేను రోజులకే పరిమితం చేసుకోండి.

ఇక ఎత్తును తిరిగి 15 సెంటీమీటర్లకు పెంచండి. ఈసారి సుడి విచ్చిపోదు, ఎందుకంటే తిరిగే వేగం నడిచే వేగానికి రెండింతలకు పైగా ఉంది. అటువంటప్పుడు సుడి తన లోపలి నీటిని తనతోనే మోసుకుపోతుంది. పదవ రోజు పటాన్ని దగ్గరగా చూడండి. నడిమి భాగం ఇంకా గుండ్రంగానే ఉంటుంది. దాని తూర్పున ఎదురు గుర్తు గల పలుచటి నెలవంక ఒకటి, దాని వెనుక ఇంకా పలుచగా మరొకటి కనిపిస్తాయి. సుడి వదిలిన రాస్‌బీ తరంగాల జాడ అది. అన్నిటికంటే ముఖ్యంగా, వెచ్చని సుడి నేరుగా పడమటికి కాక నైరుతికి దిగుతుంది.

ఎందుకు దిగుతుందో మనసులో బొమ్మ కట్టుకోగలిగితే గుర్తుల తప్పులను మీరే పట్టుకోగలుగుతారు. గడియారపు దిశలో తిరిగే సుడి తన పడమటి పక్కన నీటిని ఉత్తరానికి, తూర్పు పక్కన దక్షిణానికి లాగుతుంది. ఉత్తరానికి పోయిన నీటికి భూమి ఇచ్చే వోర్టిసిటీ పెరుగుతుంది కనుక సొంత వోర్టిసిటీ తగ్గి గడియారపు దిశలో తిరగబోతుంది. దక్షిణానికి దిగిన నీరు ఎదురు దిశలో తిరగబోతుంది. పడమట ఒకటి, తూర్పున ఒకటిగా ఏర్పడిన ఈ జంట మధ్యలో ప్రవాహం దక్షిణ ముఖంగా ఉంటుంది, అదే సుడిని దక్షిణానికి నెడుతుంది. చల్లని సుడికి ఇదంతా తిరగబడి అది వాయవ్యానికి నడుస్తుంది. కేంద్రభారం దక్షిణానికి కదలకూడదని కదా చెప్పాం, మరి సుడి కదులుతోందేమిటని అనుమానం రావచ్చు. సుడి దక్షిణానికి పోయినంత మేరా వెనుకనున్న తరంగాల జాడ లెక్కను సరిచేస్తుంది. నమూనాను వెచ్చని సుడితో ఒకసారి, చల్లని సుడితో ఒకసారి నడిపి, ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, చల్లని సుడి దారి వెచ్చని సుడి దారికి ఉత్తర దక్షిణాలు తిప్పిన అచ్చమైన ప్రతిబింబంగా ఉండాలి. దశాంశాల దాకా సరిపోకపోతే కోడ్‌లో తప్పుంది.

ఎనిమిదవ అడుగు: షాలో వాటర్ సమీకరణాలకు మారడం

ఆ ప్రతిబింబమే ఈ నమూనా లోపం కూడా. నాలుగవ అడుగులో వెచ్చని సుడికీ చల్లని సుడికీ వేగాలు వేరని లెక్కలో చూశాం. క్వాసీ జియోస్ట్రోఫిక్ సమీకరణానికి ఆ తేడా కనిపించదు. 13 డిగ్రీల దగ్గర ఆ తేడా విస్మరించదగినది కాదు కనుక, మొదటి నమూనా పరీక్షలన్నీ నెగ్గాక తగ్గించిన గురుత్వంతో షాలో వాటర్ సమీకరణాలను రాయండి. తూర్పు వేగం, ఉత్తర వేగం, పొర మందం అనే మూడు రాశులను అరకావా సీ గ్రిడ్ మీద, అంటే మందం గడి మధ్యలో, వేగాలు గడి అంచుల మీద ఉంచి నడపాలి.

ఇక్కడ కాలపు అడుగును తరంగ వేగం నిర్ణయిస్తుంది. సెకనుకు 2.4 మీటర్ల తరంగానికి పదిహేను నిమిషాల అడుగు హాయిగా సరిపోతుంది. తగ్గించిన గురుత్వం మానేసి మూడు వేల మీటర్ల లోతు సముద్రాన్ని ఒకే పొరగా పెట్టి ఉంటే తరంగ వేగం సెకనుకు 171 మీటర్లై, కాలపు అడుగు నిమిషంలోపుకు దిగేది. పైగా థర్మోక్లైన్ అన్నదే లేని ఆ నమూనా మన సుడికి పనికివచ్చేదీ కాదు.

ప్రారంభ వేగాలను జియోస్ట్రోఫిక్ సూత్రంతో ఇవ్వకండి. అపకేంద్ర బలాన్ని కలిపిన వర్గ సమీకరణం నుంచే ఇవ్వండి. లేకపోతే సుడి సరితూగే స్థితిని వెతుక్కుంటూ చుట్టూ తరంగాలను చిమ్ముతుంది. ఆ ఊగిసలాట ఇంచుమించు మనం లెక్కగట్టిన 53 గంటల కాలంతో వచ్చి, అసలు చలనాన్ని మరుగుపరుస్తుంది.

తొమ్మిదవ అడుగు: తీరమూ, నేపథ్య ప్రవాహమూ

ఇంతదాకా ఒక అంచు దాటితే మరో అంచు నుంచి వచ్చే ఊహా సముద్రంలో ఉన్నాం. పడమట నిజమైన గోడ పెట్టాలంటే క్వాసీ జియోస్ట్రోఫిక్ నమూనాలో ఫూరియర్ పరివర్తన బదులు సైన్ పరివర్తన వాడవచ్చు. సైపైలో అది సిద్ధంగా ఉంది. గోడ దగ్గరికి చేరిన వెచ్చని సుడి ప్రవర్తన మారుతుంది. గోడకు అవతల ఎదురు దిశలో తిరిగే ప్రతిబింబ సుడి ఉన్నట్టుగా లెక్క నడిచి, సుడిని తీరం వెంట ఉత్తరానికి నెడుతుంది. నడిసముద్రంలో దక్షిణానికి దిగుతూ వచ్చిన సుడి ఒడ్డు దగ్గర ఉత్తరానికి తిరగడం చూసి కోడ్ తప్పనుకోకండి.

తూర్పు తీర ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరంగానూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగానూ పారుతుంది కాబట్టి ఏ నెల సుడిని తీసుకుంటున్నారో దానిని బట్టి నేపథ్యం మారాలి. ఒకే వేగంతో తూర్పుకు లేదా పడమటికి పారే నేపథ్య ప్రవాహాన్ని చేర్చేటప్పుడు, దానితో పాటు థర్మోక్లైన్ వాలును కూడా చేర్చడం మరువవద్దు. ఒకే కదిలే పొర ఉన్న ఈ నమూనాలో పొడవాటి తరంగాల మీద ఈ రెండింటి ప్రభావాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఒక్కదానినే చేర్చితే లేని నడక పుట్టుకొస్తుంది.

పదవ అడుగు: నిజమైన సుడితో పోల్చడం

ఉపగ్రహాలు కొలిచిన నీటిమట్టపు తేడాలను పావు డిగ్రీ గ్రిడ్ మీద ఐరోపావారి కోపర్నికస్ మెరైన్ సేవ ఉచితంగా ఇస్తుంది. ఈ కొలతల వెనుకనున్న ఉపగ్రహాలలో మన ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ సీనెస్ కలిసి చేసిన సరళ్ ఒకటి. 2013 ఫిబ్రవరి 25న చెన్నైకి ఉత్తరాన ఉన్న శ్రీహరికోట నుంచే అది ఎగిరింది. గడి 27 కిలోమీటర్లు ఉందని 27 కిలోమీటర్ల సుడి కనిపిస్తుందనుకోకండి. ఉపగ్రహం తన దారి కిందనున్న సన్నని గీతనే కొలుస్తుంది. గీతల మధ్య ఖాళీలను గణితంతో పూరిస్తారు. ఒడ్డుకు కొన్ని పదుల కిలోమీటర్ల లోపల కొలతలను నేల చెడగొడుతుంది కనుక పులికాట్ సరస్సుకు ఎదురుగా, తీరాన్ని అంటి ఉన్న సుడులను మొదటి ప్రయత్నంలో ఎంచుకోవద్దు.

84, 85 డిగ్రీల రేఖాంశాల ప్రాంతంలో ఒక సుడిని పట్టుకుని, దాని చుట్టూ మూసుకున్న సమోన్నత రేఖలలో (ఒకే నీటిమట్టం ఉన్న చోట్లను కలిపే గీతలలో) అన్నిటికంటే బయటిదాన్ని గుర్తించండి. శిఖరపు విలువ నుంచి ఆ రేఖ విలువను తీసివేస్తే ఎత్తు వస్తుంది. ప్రతి రేఖ వెంబడి సగటు వేగం కట్టి, అది గరిష్ఠంగా ఉన్న రేఖ వైశాల్యం నుంచి వ్యాసార్థం తీయండి. ఓకుబో వైస్ పరామితి (నీటి తిరుగుడునూ సాగుడునూ పోల్చే సంఖ్య) వాడే పద్ధతి కూడా ప్రచారంలో ఉంది గాని, అది నీటిమట్టాన్ని రెండుసార్లు అవకలనం చేస్తుంది కాబట్టి కొలతల్లోని గరుకుదనం రెట్టింపై లేని సుడులు పుట్టుకొస్తాయి. నా ఓటు సమోన్నత రేఖలకే. వచ్చిన ఎత్తు, వ్యాసార్థాలు నాలుగవ అడుగులోని హద్దుకు లోబడి ఉన్నాయో లేదో మరోసారి చూసి నమూనాను నడపండి.

ముప్పై రోజుల తర్వాతి ఉపగ్రహ పటంలో సుడి నడిమధ్యను గుర్తించి, మీ నమూనా చెప్పిన చోటుకూ దానికీ మధ్య దూరాన్ని కొలవండి. ఆ దూరాన్ని ఒంటరిగా చూస్తే ఏమీ తెలియదు. పక్కన మరో రెండు అంచనాలు రాసుకోవాలి: సుడి అసలు కదలలేదనుకుంటే వచ్చే తప్పు, రోజుకు పది కిలోమీటర్ల చొప్పున నేరుగా పడమటికి పోయిందనుకుంటే వచ్చే తప్పు. మీ నమూనా ఈ రెండింటి కంటే తక్కువ తప్పు చూపితేనే అందులోని భౌతికశాస్త్రం ఫలితమిచ్చినట్టు. ఇది ఒక్క సుడితో తేలే విషయం కాదు. వేసవిలో కొన్ని, ఈశాన్య రుతుపవనాల కాలంలో కొన్ని, వెచ్చనివీ చల్లనివీ సమంగా ఎంచుకుని, ఒక్కోదానికి మూడు తప్పులనూ ఒకే పట్టికలో వేయండి. వేసవి సుడులకు నమూనా నెగ్గి, ఈశాన్య రుతుపవనాల నాటి సుడులకు ఓడిపోతుంటే మొదట మార్చి చూడవలసింది జాకోబియన్ కాదు, పైపొర మందమూ, నేపథ్య ప్రవాహమూ.